కుక్క ముద్ద కూడా పొయ్యెక్కాల్సిందే

చెల్లీ, పిల్లల చదువులు, అత్తగారి మోకాళ్ల నొప్పులు, ఇంటాయన షుగరు... ఇవన్నీ మనకు ఎప్పుడూ ఉండే ముచ్చట్లే. ఈసారి వాటిని కాస్త పక్కన పెట్టి, నోరులేని జీవాల ముద్ద గురించి మాట్లాడుకుందాం. వాకిట్లో కాపలా కాసే కుక్క, వంటింటి గడప దగ్గర తోక ఆడించే పిల్లి ఏం తింటున్నాయో, అది మనింటి ఆరోగ్యానికి ఎంత దగ్గరి సంగతో చెప్తాను. కాస్త కొంగు దోపుకుని కూర్చో.

నంద్యాలలో లాబ్రడార్‌ను పెంచుకునే ఒక చెల్లి మొన్న అడిగింది: "అక్కా, ఇకమీదట మావాడికి వండింది పెట్టను. పచ్చి చికెనే వేస్తా. ఫోన్‌లో చూసినా, బొచ్చు నిగనిగలాడుతుందంట, పండ్లు తెల్లగా ఉంటాయంట. అడవిలో ఉండేవాటికి ఎవరు వండిపెడతారు చెప్పు?"

అదే మాట ఆళ్లగడ్డలో మనకు తెలిసిన వదిన ముందు అంటే ఆమె పకపకా నవ్వింది. "దీనికి మళ్లా ఫోన్‌లో చూసి నేర్చుకోవాలా? ఆదివారం మటన్ అంగడికాడ మిగిలిన ఊపిరితిత్తులు, కార్జం ముక్కలు కవర్లో ఏసిస్తారు. తెచ్చి కుక్కకేస్తాం. మా నాయన కాలం నుంచీ ఇంతే."

ఒకరిది కొత్త మోజు, ఇంకొకరిది పాత అలవాటు. గిన్నెలో పడేవి మాత్రం రెండు చోట్లా పచ్చి చియ్యలే. ఈ రెండింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ ఆదివారం కవరు. ఎందుకో చెప్పే ముందు మన నంద్యాల చెల్లి మాటకు జవాబు చెప్పాలి. పాపం, ఆమె ఊరికే అడగలేదు, ప్రేమకొద్దీ అడిగింది.

నల్లమల పులికి ఎవరు వండిపెడతారు?

పచ్చి మాంసం తిండికి పేరు తెచ్చినాయన ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు. 1993లో 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' అని పుస్తకం రాశాడు. కుక్క తోడేలు జాతిది, కాబట్టి పచ్చి మాంసం, ఎముక, కాసిన్ని కూరగాయలు పెడితే చాలన్నది ఆయన వాదం. డబ్బా తిండి మీద అనుమానం ఉన్నవాళ్లకు అది బాగా నచ్చింది. అక్కడి నుంచి ఊరూరూ తిరిగి ఇప్పుడు మన ఫోన్లలోకీ వచ్చింది.

తోడేలు సంగతి నిజమే. కాకపోతే అది మన గడపలోకి వచ్చి వేల ఏళ్లయింది. 2013లో 'నేచర్' పత్రికలో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. గంజిపదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలులో రెండే ప్రతులుంటే కుక్కలో దానికి ఎన్నో రెట్లు ఉన్నాయట. అంటే మనిషి పక్కన బతికి బతికి, మనం తినే గింజల తిండిని అరిగించుకునేలా దాని ఒళ్లు మారింది. మన జొన్నరొట్టె, రాగిసంగటి దానికి పరాయి తిండి కాదు చెల్లీ. మాంసం కావాలి, నిజమే. మాంసం ఒక్కటే ఉండాలని లేదు.

నల్లమలలో పులికి ఎవరూ వండిపెట్టరు, ఒప్పుకుంటాను. అయితే ఆ పులి జింకను పట్టిందంటే కండతో పాటు కార్జం, గుండె, మెత్తటి ఎముకలు కూడా తింటుంది. మనం అంగట్లో బోన్‌లెస్ అర కిలో కొట్టించుకొచ్చి గిన్నెలో వేస్తే అది పులి తిండి ఎట్లవుతుంది? వట్టి కండలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఎదిగే కుక్కపిల్లకు, పిల్లికూనకు నెలల తరబడి అదే పెడితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. కాళ్లు వంకర పోతాయి, మంచం మీది నుంచి దూకితే చాలు ఎముక విరుగుతుంది. పోనీ కార్జం మంచిది కదా అని రోజూ అదే వేస్తే విటమిన్ ఎ ఎక్కువైపోయి పిల్లి మెడ, వెన్ను బిగుసుకుపోతాయి. ఇక అడవి జంతువుల ఆరోగ్యమంటావా, వాటి కడుపుల్లో పురుగులు లేవని ఎవరన్నారు? అవి మన పసిపిల్లల పక్కలో పడుకోవు, అంతే తేడా.

పిల్లి దారి వేరే. అది పుట్టుకతోనే మాంసాహారి. పెరుగన్నం మీద పిల్లిని పెంచుతున్నామని మురిసిపోయేవాళ్లు ఇది కాస్త వినాలి. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు తనకు సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచి రావాల్సిందే. అది తక్కువైతే చూపు పోతుంది, గుండె ఉబ్బి బలహీనపడుతుంది. ఈ గుండెజబ్బు సంగతి 1987లో అమెరికాలో బయటపడింది. అప్పట్లో కంపెనీ డబ్బాల్లోనే టారిన్ చాలక పిల్లులు చచ్చిపోతున్నాయని తేలి, తర్వాత అందరూ కలపడం మొదలుపెట్టారు. కాబట్టి డబ్బా తిండిని అనుమానించిన వాళ్లది వట్టి చాదస్తమని నేను అనను. పిల్లికి మాంసం పెట్టు, తప్పకుండా పెట్టు. ఉడికించి పెట్టు.

కర్నూలు పెద్దాసుపత్రికి తెలిసిన జబ్బు

ఇప్పుడు ఆ ఆదివారం కవరు దగ్గరికి వద్దాం. ఇది అమెరికా ముచ్చట కాదు, అచ్చంగా మన సీమది.

హైడాటిడ్ అనే జబ్బు పేరు విన్నావా? కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో నీళ్ల తిత్తి పెరుగుతుంది. మనవాళ్లు నీటిగడ్డ అంటారు. దేశంలో ఇది ఎక్కువగా కనిపించే చోట్లంటూ వైద్య పుస్తకాలు ఆంధ్రా, తమిళనాడు పేర్లు చెప్తాయి. 1968లోనే కర్నూలు డాక్టర్లు ఇక్కడ ఈ జబ్బు ఎట్లా పాకుతోందో పరిశోధించి 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో ప్రచురించారు. అప్పటికి నంద్యాల, ఆళ్లగడ్డ కూడా కర్నూలు జిల్లావే కదా, మనకు వేరే జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. గొర్రెల మందలు, వాటి వెంట కుక్కలు, ఊరి నడుమ మాంసం అంగళ్లు ఉన్న సీమ మనది. ఆ జబ్బుకు కావాల్సినవన్నీ ఇక్కడ ఉన్నాయి.

అది ఎట్లా తిరుగుతుందో చూడు. కుక్క పేగుల్లో ఒక బద్దెపురుగు ఉంటుంది, బియ్యపుగింజంత పొడవు కూడా ఉండదు. దాని గుడ్లు కుక్క పెంటతో బయటపడి గడ్డి మీద, మట్టి మీద చేరతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తుంది. దాని కడుపులోకి పోయిన గుడ్లు కార్జంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులుగా పెరుగుతాయి. ఆ గొర్రెను కోసినప్పుడు అంగడి అన్న ఆ తిత్తులు చూస్తాడు. గిరాకీకి చెడ్డ ముక్క ఇవ్వకూడదని కోసి పక్కన పడేస్తాడు. ఆ పక్కన పడేసిన ముక్క ఎవరి నోట్లో పడుతుంది? కుక్క నోట్లో! మంచి కార్జం మన కూరలోకి, తిత్తులున్న కార్జం పచ్చిగా కుక్కకు. పురుగు కోరుకునేది సరిగ్గా అదే. ఆరేడు వారాలు తిరిగేసరికి ఆ కుక్క పెంటలో మళ్లీ గుడ్లు.

ఈ చక్రంలో మనకు పని లేదు, మనం దారి తప్పి ఇరుక్కుంటాం. పిల్లాడు కుక్కను వాటేసుకుని, ఆ చేత్తోనే బొరుగులు తింటాడు. దొడ్లో కుక్క తిరిగిన మడిలో కొత్తిమీర కోసి, సరిగ్గా కడక్కుండా చట్నీ మీద చల్లుతాం. గుడ్డు కంటికి కనబడదు. తేమగా నీడగా ఉన్న మట్టిలో అది నెలల తరబడి బతుకుతుంది. మన కడుపులోకి పోయాక తిత్తి నిదానంగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. చిన్నప్పుడు అంటుకున్నది పెళ్లయి పిల్లలు పుట్టాక బయటపడొచ్చు. కుడిపక్క డొక్కలో బరువు, నొప్పి. మనమేమో గ్యాస్ అనుకుని సోడా తాగుతాం, వాము నములుతాం. ఎప్పుడో స్కానింగ్ తీస్తే కార్జంలో ఇంత గడ్డ. కొందరికి మందులతో తగ్గుతుంది, కొందరికి ఆపరేషన్ కావాలి. లోపల పగిలితే ప్రాణం మీదికే వస్తుంది. అందుకే అది హైడాటిడ్ కావచ్చని అనుమానం ఉన్నప్పుడు అనుభవమున్న డాక్టరు చేతిలోనే పడాలి.

ఇక్కడ చాలామంది పొరబడే మాట ఒకటుంది. "మొన్న తిన్న కార్జంలో తిత్తి ఉందేమో, మాకు ఆ జబ్బొస్తుందా అక్కా?" అని అడుగుతారు. రాదు. తిత్తి మనకు అంటించదు, కుక్క పెంటలోని గుడ్డే అంటిస్తుంది. అంటే మన కూర కంటే కుక్క గిన్నెను ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలన్నమాట. ఇంకో సంగతి, కడుపులో వేల పురుగులున్నా కుక్క హుషారుగానే ఉంటుంది. "మాది భలే ఆరోగ్యంగా ఉండాది" అన్న భరోసా ఇక్కడ పనికిరాదు.

కోడి మాటేంటి?

"అక్కా, నేను మటన్ వెయ్యను, చికెనే కదా" అంటుంది నంద్యాల చెల్లి. 2025 ఫిబ్రవరి గుర్తుందా? గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూతో కోళ్లు లక్షల్లో పోయాయి, కర్నూలులోనూ కేసు తేలింది, చికెన్ అంగళ్లు బోసిపోయాయి. ఆ మార్చి 16న నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణె వైరాలజీ సంస్థ అది హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ అని నిర్ధారించింది. కోస్తున్నప్పుడు పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదనీ, అదే మాంసం వండుకుని తిన్న ఇంట్లోవాళ్లకు ఏమీ కాలేదనీ వార్తల్లో వచ్చింది. ఆ తల్లి కడుపుకోత తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. పచ్చికీ ఉడికినదానికీ మధ్య తేడా ఎంతటిదో ఈ సంగతి కంటే బాగా ఏది చెప్పగలదు?

పిల్లిజాతికి ఈ వైరస్ అంటే అసలు తట్టుకోలేని గండం. 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర గోరెవాడ వన్యప్రాణి రక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత చనిపోతే హెచ్5ఎన్1 అని తేలింది. తర్వాత మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లోనూ కనబడింది. అమెరికాలో అదే డిసెంబరులో ఓరెగన్ రాష్ట్రంలో ఒక పిల్లి చనిపోతే, అది తిన్న పచ్చి టర్కీ కోడి తిండిలోనే వైరస్ దొరికింది. కంపెనీ ఆ సరుకంతా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. శుభ్రంగా ప్యాక్ చేసి ఫ్రీజర్లో పెట్టి అమ్మిన తిండి సుమా అది!

"ఫ్రీజర్లో పెట్టి ఇస్తే క్రిములు చావవా?" అని నువ్వు అడుగుతావని తెలుసు. బాగా గడ్డకట్టించి కొన్ని రోజులుంచితే తిత్తుల్లోని పురుగు చస్తుంది. బర్డ్ ఫ్లూ వైరస్, సాల్మొనెల్లా లాంటివి మాత్రం చలికి చావవు, నిద్రపోతాయంతే. 2018లో నెదర్లాండ్స్‌లో గడ్డకట్టించి అమ్మే పచ్చి తిండి 35 రకాలు పరీక్షిస్తే సగానికి పైగా వాటిలో లిస్టీరియా, ఐదింట ఒక దాంట్లో సాల్మొనెల్లా బయటపడ్డాయి. ఇక మన ఇళ్లల్లో ఎండాకాలం కరెంటు పోయి వస్తుంటే ఫ్రిజ్ చల్లదనం మీద ఏం నమ్మకం? మంట మీదే నమ్మకం పెట్టుకో.

కడుపుతో ఉన్న చెల్లికి ఒక మాట. పచ్చి మాంసం తిన్న పిల్లి, ఎలుకను పట్టిన పిల్లి కొన్నాళ్లపాటు పెంటలో టాక్సోప్లాస్మా అనే క్రిమిని వదలొచ్చు. కడుపులో బిడ్డకు అది మంచిది కాదు. అంతమాత్రాన పిల్లిని సంచిలో కట్టి ఊరవతల వదిలిరమ్మని అత్తగారు అంటే ఒప్పుకోవద్దు. పెంటలో పడ్డ క్రిమికి అంటించే శక్తి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి పిల్లి మట్టితట్టను ఇంట్లో వేరేవాళ్లు ఏరోజుకారోజు ఎత్తేయాలి. నువ్వు పచ్చి మాంసం ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కో. పిల్లికి ఉడికించిందే పెట్టు. అప్పుడు పిల్లీ ఉంటుంది, బిడ్డా క్షేమంగా ఉంటుంది.

మరి ఏం పెట్టాలి?

ఆళ్లగడ్డ వదిన తెచ్చే కవరును పారేయమని నేను అనను. ఊరికే వచ్చేదాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి? ఇంటికి తెచ్చి చిన్నచిన్న ముక్కలు చేసి, నీళ్లు మరగడం మొదలయ్యాక అరగంట ఉడికించు. తిత్తుల్లోని పురుగు చావడానికి ఆ అరగంట చాలు, పరిశోధనలో తేలిన లెక్క అది. తిత్తులు కంటికి కనబడితే మాత్రం ఆ ముక్క ఉడికించే పని కూడా పెట్టుకోకు. కాల్చేయి, లేదంటే కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చేయి.

ఉడికిన మాంసంలో జొన్నరొట్టె చిదిమి వేసినా, అన్నం కలిపినా కుక్క నాకి నాకి తింటుంది. ఉప్పు, కారం వద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ అసలే వద్దు, పచ్చివైనా ఉడికినవైనా కుక్కకూ పిల్లికీ వాటితో రక్తం విరుగుతుంది. అంటే మనం తినగా మిగిలిన మసాలా కూర దానికి పెట్టడం ప్రేమ అనిపించుకోదు. ఉడికిన ఎముకలు పేళ్లుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి, ఏరి పారేయి. కాల్షియం కోసం గుడ్డు పెంకులు కడిగి, ఉడికించి, ఎండబెట్టి మెత్తగా పొడి చేసి పెట్టుకో. అర చెంచా పొడిలో దాదాపు 1 గ్రాము కాల్షియం ఉంటుంది. నీ కుక్క బరువుకు ఎంత కలపాలో పశువుల డాక్టరును ఒక్కసారి అడిగితే పోతుంది.

పిల్లికైతే కోడి తొడ మాంసం, గుండెకాయలు మంచివి, టారిన్ వాటిలో ఎక్కువ. అది నీళ్లలోకి దిగిపోతుంది, కాబట్టి తక్కువ నీళ్లలో ఉడికించి ఆ రసం కూడా పారబోయకుండా అందులోనే కలుపు. రోజూ ఇంట్లో వండేదే పెట్టాలనుకుంటే టారిన్ విడిగా కలపాలేమో డాక్టరును అడుగు. పచ్చి చేప కూడా వద్దు. కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను చంపే గుణం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఇదంతా కుదరని రోజు మంచి కంపెనీ తిండి పెట్టినా తప్పేం లేదు.

తర్వాతది పురుగుల మందు. అంగడికి పోయి "పురుగుల మాత్ర ఇవ్వన్నా" అంటే ఏదో ఒకటి ఇస్తారు. మనకు కావాల్సింది బద్దెపురుగును చంపేది. ప్రాజిక్వాంటెల్ ఉందా అని పేరు పెట్టి అడుగు. కుక్క బరువు కిలోకు 5 మిల్లీగ్రాములు లెక్క. 20 కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాములు. మన సీమ లాంటి చోట మూడు నెలలకోసారన్నా వేయించాలి. ఆ మందు పురుగును చంపుతుంది, గుడ్లను చంపదు. కాబట్టి మాత్ర వేసిన తర్వాత రెండు మూడు రోజులు కుక్క పెంటను ఎత్తి పూడ్చేయాలి. పిల్లల చేత చేతులు కడిగించడం, ఆకుకూరలు రెండు మూడు నీళ్లలో కడగడం నీకు నేను చెప్పాలా?

కనుమ రోజు మాట కూడా అనేస్తాను. కనుమకు, జాతరలకు, బక్రీద్‌కు ఇళ్ల ముందరే యాటను కోస్తాం. ఆ రోజు వాడలో కుక్కలన్నీ మన చుట్టే ఉంటాయి. పనికిరాని పేగులు, తిత్తుల ముక్కలు వాటి ముందుకు విసిరేది ఇంట్లో మగవాళ్లు, పిల్లలు. ఆపగలిగింది మనం. ఒక గంప పక్కన పెట్టి, "అన్నీ దీంట్లో వెయ్యండి, అయిపోయినాక గుంత తీసి పూడుద్దాం" అని గట్టిగా చెప్తే ఎవరూ కాదనరు.

ఇదంతా ఎవరు చేస్తారులే అనుకుంటున్నావేమో. ఐస్‌లాండ్ అని మంచుదేశం ఉంది. మన సీమలాగే గొర్రెలు, కుక్కలు ఉన్న నేల. నూటయాభై ఏళ్ల కిందట ఈ నీటిగడ్డ జబ్బు అక్కడ ఇంటింటి శాపం. హరాల్డ్ క్రాబే అనే డెన్మార్క్ పరిశోధకుడు పోయి అక్కడి కుక్కలను పరీక్షించి, జబ్బు ఎట్లా తిరుగుతుందో మామూలు మాటల్లో ఒక చిన్న పుస్తకం రాశాడు. 1864లో దాన్ని ఇళ్లకు పంచారు. ప్రాజిక్వాంటెల్ లాంటి మందులు లేని కాలం అది. గొర్రె తిత్తుల ముక్కలు కుక్కకు వేయొద్దు, కాల్చండి, పూడ్చండి అన్నదే ఆ పుస్తకంలోని ప్రధానమైన మాట. 1869లో చట్టమూ వచ్చింది. తర్వాతి తరాల్లో జబ్బు తగ్గుతూ తగ్గుతూ ఆ దేశం నుంచే పోయింది. న్యూజిలాండ్ కూడా 1959లో ప్రత్యేకంగా చట్టం తెచ్చి, కుక్కలకు పచ్చి తిత్తులు వేయడాన్ని ఆపించి, 2002 నాటికి దాదాపుగా బయటపడింది. వాళ్లు కుక్కలను వదిలేసుకోలేదు, వాటికి పచ్చిది వేసే అలవాటును వదిలేసుకున్నారు.

మనకు చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పనేముంది చెల్లీ? ఈ ఆదివారం మటన్ అంగడి దగ్గర నిలబడ్డప్పుడు, కుక్కలకు ముక్క విసరబోతున్న అన్నకు ఈ సంగతి చెప్పు. "తిత్తులున్న ముక్క కుక్కకు వెయ్యొద్దన్నా, అది తిరిగి మన పిల్లల మీదికే వస్తుంది" అను. మొదటిసారి నవ్వుతాడు. నాలుగు వారాలు నలుగురు ఆడవాళ్లు అదే మాట అంటే పక్కన డబ్బా పెడతాడు. ఆయన ఇంట్లోనూ పిల్లలుంటారు కదా.